పాల ఫ్యాక్టరీకి అడిగిన వాల్వులు

2001వ సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. పటాన్‌చెరు దాటి బొంబాయి రోడ్డు మీద సంగారెడ్డి వైపు పోతుంటే, ముత్తంగి తర్వాత లోపలికి ఒక మట్టిరోడ్డు చీలేది. దాని చివర పొడుగాటి రేకుల షెడ్డు, పక్కన ఆఫీసు గది, ముందర ఒక బోరు. మా వాల్వుల ఫ్యాక్టరీ అదే. అరవై మందిమి పనిచేస్తుంటిమి. నేను క్వాలిటీ ఇన్‌చార్జిని. తయారైన ప్రతి వాల్వును పరీక్ష చేసి, టెస్ట్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టడం నా పని. ఆ కాగితం లేనిదే సామాను గేటు దాటదు.

వాల్వు అంటే ఫ్యాక్టరీ గొట్టాలకు పెట్టే నల్లా అనుకోండి. మేము చేసేది అందులో ఒక ప్రత్యేకమైన రకం, బెల్లోస్ వాల్వు. బెల్లోస్ అంటే హార్మోనియం తిత్తి లాగ మడతలు మడతలుగా ఉండే పలుచని స్టీలు గొట్టం. వాల్వును తిప్పినప్పుడు అది సాగుతది, ముడుచుకుంటది, కానీ లోపలి వాయువును బయటికి రానియ్యదు. మా చుట్టూ ఉన్న మందుల కంపెనీలకు, రసాయనాల కంపెనీలకు ఇవే కావాలి. అక్కడ లీకైతే మనుషులు పడిపోతరు.

లీకుందో లేదో చూసేది హీలియం లీక్ డిటెక్టర్ అనే యంత్రం. వాల్వు లోపలి గాలంతా గుంజేసి, బయటి నుంచి హీలియం ఊదుతం. వెంట్రుకకన్నా సన్నటి సందు ఉన్నా హీలియం దూరుతది, యంత్రం ముల్లు కదులుతది. పదమూడేండ్లు ఆ ముల్లు ముందరనే కూర్చున్న.

నేను పుట్టింది పటేల్‌గూడలో. పక్కన పెద్ద కర్మాగారం కట్టేటప్పుడు మా నాయన పునాదులు తవ్విండు, అమ్మ తట్టలు మోసింది. మా ఇంట్లో పాలిటెక్నిక్ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. మెకానికల్ డిప్లొమా పట్టుకొని 1988లో ఈ షెడ్డుకు వచ్చినప్పుడు మెషిన్ల దగ్గర ఆడమనిషి ఇంకెవరూ లేరు. నన్ను టైపిస్టు అనుకొని ఒకాయన ఉత్తరం తెచ్చిచ్చిండు. మైక్రోమీటర్ నా చేతిలో పెట్టి కొలవడం నేర్పింది సత్తయ్యన్న. మా పెద్ద వెల్డర్. ముత్తంగి మనిషే, నాకన్నా పదిహేనేండ్లు పెద్ద. అక్షరాలు అంతంతమాత్రమే, అంకెలు మాత్రం పక్కా. పలుచని బెల్లోస్‌ను కాలిపోకుండ అతికే చెయ్యి అప్పట్లో ఆ రోడ్డు పొడుగున ఆయనదొక్కటే.

ఈ కథ అర్థం కావాలంటే మూడేండ్లు వెనక్కి పోవాలి. 1998 మే నెలలో మన దేశం పోఖ్రాన్‌లో అణుపరీక్షలు చేసింది. మా యజమాని మాణిక్ రెడ్డి సార్ ఫ్యాక్టరీ అంతటికీ లడ్డూలు పంచిండు. నేను కూడ తిన్న, సంబురపడ్డ. అప్పటికే మా లీక్ డిటెక్టర్ చెడిపోయి ఉంది. దాని లోపలి భాగం ఒకటి విదేశం నుంచి రావాలి. కంపెనీవాళ్లు పంపుతమని ఒప్పుకున్నరు కూడ. పరీక్షలైన కొద్ది వారాలకు వాళ్ల ఉత్తరం వచ్చింది. మీ దేశం మీద ఆంక్షలు పెట్టిన్రు, అది పంపలేము అని రాసిన్రు.

మేము ఎండ్ యూజ్ సర్టిఫికెట్ పంపినం. కొన్న సామాను దేనికి వాడుతమో, ఎక్కడ వాడుతమో రాసిచ్చే హామీ పత్రం అది. మందుల ఫ్యాక్టరీల నల్లాలు పరీక్ష చేసుకుంటం, బాంబుతోని మాకు సంబంధం లేదని రాసిన. వాళ్లు దానికీ జవాబు ఇయ్యలేదు. ఆఖరికి సత్తయ్యన్న ఆ భాగాన్ని విప్పి, నేను కొలతలు తీసి, ఇద్దరం కలిసి కొత్తది చేసినం. మూడుసార్లు చెడింది. నాలుగోసారి నిలబడ్డది. అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలు మా వాల్వులను సైకిల్ ట్యూబు లాగ నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూసి పంపినం. మంచి కంపెనీలు మమ్మల్ని వదిలేసినయి.

ఆ కోపంతోనే నేను ఈ ఆంక్షల వెనకున్న ఒప్పందాల గురించి చదవడం మొదలుపెట్టిన. పేపర్లలో వచ్చినవి కత్తిరించి ఫైల్ చేసుకున్న. అణ్వాయుధాల వ్యాప్తి నిరోధక ఒప్పందం అని ఒకటుంది. 1967కు ముందే బాంబు పేల్చిన అయిదు దేశాల దగ్గర బాంబులు ఉండొచ్చు, తక్కినవాళ్లు చెయ్యొద్దు అని దాని సారం. మన దేశం దాని మీద సంతకం పెట్టలేదు. 1974లో మనం మొదటిసారి పరీక్ష చేసినంక, సామాన్లు అమ్మే దేశాలన్నీ కూడబలుక్కొని, ఇవి ఇవి ఎవరికి పడితే వాళ్లకు అమ్మొద్దని జాబితాలు రాసుకున్నయి. ఇన్ని రాసుకున్నా మనం 1998లో ఆగలేదు. ఆగింది మా లీక్ డిటెక్టర్ ఒక్కటే అని అప్పుడు నా అభిప్రాయం.

అందుకే 2001లో ఆ ఆర్డరు వచ్చినప్పుడు నేను ఏం చేస్తనో నాకే తెలియదు.

ఆ ఏడు పని చాలా తగ్గింది. మందుల కంపెనీలు కొత్త షెడ్లు కట్టడం ఆపినయి. మా రెండో షిఫ్టు పేరుకే నడుస్తుండె. అట్లాంటప్పుడు మా సేల్స్ చూసే ప్రకాశ్ నవ్వుకుంట నా గదిలోకి వచ్చిండు. వెంట వినోద్ అని ఒక ఏజెంటు. బొంబాయి మనిషి, హిందీలో మాట్లాడిండు. ఒక గల్ఫ్ రేవు పట్నంలో పాలపొడి ఫ్యాక్టరీ కడుతున్నరట. దానికి వాల్వులు కావాలి. ఏడాదంతా అరవై మందికి చేతినిండ పని.

డ్రాయింగులు నా టేబుల్ మీద పరిచిండు. నేను సంతోషంగనే తీసుకున్న. చదవడం మొదలుపెట్టినంక ఒక్కొక్కటి అడ్డం పడ్డది. వాల్వు మూతను నట్లతో బిగించకుండ వెల్డింగ్ చేసి శాశ్వతంగ మూసెయ్యాలట. లీకు ఎంతకన్నా తక్కువుండాలో రాసిన అంకె మా యంత్రం చూపగలిగే ఆఖరి గీత దగ్గర ఉంది. మందుల కంపెనీలు కూడ ఎన్నడూ అంత అడగలేదు. లోహం గురించి రాసిన చోట, ఉక్కును కూడ తినేసే ఒక వాయువుకు తట్టుకోవాలని ఉంది. ఆ వాయువుకు పాలకు ఏం సంబంధమో నాకు అంతుపట్టలేదు.

నాకు పాల యంత్రాలు తెలియవు. తెలియనిదాని మీద అనుమానపడొద్దని, ఆ ఆదివారం సంగారెడ్డి దగ్గర పాలు చల్లబరిచే కేంద్రానికి పోయిన. అక్కడి మెకానిక్ యాదగిరి చాయ్ తాగుతుండె. నేను ఫలానా అని చెప్పి, మీ వాల్వులు జెర చూపించమన్న. ఆయన ఒకటి చేతితోనే తిప్పి ఊడదీసిండు.

“ఇగో, గిట్ల విప్పుతం మేడం. రోజూ విప్పుడే, వేడినీళ్లతోని కడుగుడే, మల్ల బిగించుడే.”

“మూతను వెల్డింగు చేసి మూసేస్తే?”

ఆయన నా మొఖం చూసిండు. “మూసేస్తే లోపల ఎట్ల కడుగుతరు? రెండో రోజుకే పెరుగైతది. మూడో రోజు ఆ కంపుకు మనిషి నిలవడు. ఎవలు చేస్తరట గట్ల?”

“ఒకాయన అడుగుతున్నడు.”

“ఆయన ఎన్నడు పాలు పిండలేదు మేడం,” అన్నడు యాదగిరి.

సోమవారం వినోద్‌ను కూర్చోబెట్టి అడిగిన. ఈ వాల్వులు ఎక్కడ బిగిస్తరు, ప్లాంటు డ్రాయింగు చూపించండి అన్న. ఆయన ఓపికగనే, “మేడం, కస్టమర్ ఇష్టం. మీరు డ్రాయింగు ప్రకారం చేసి ఇయ్యండి, అంతే” అన్నడు. నేను ఎండ్ యూజ్ సర్టిఫికెట్ కావాలన్న. రెండు రోజుల్లో ఫ్యాక్స్ వచ్చింది. ‘పాలపొడి తయారీ కోసం’ అని ఒకటే వాక్యం. పైన కంపెనీ పేరు, ఫోన్ నంబరు. ప్లాంటు డ్రాయింగు రాలేదు.

విదేశాలకు కలిసే ఫోను రెడ్డి సార్ గదిలోనే ఉండేది. సార్ పొలానికి పోయిన సమయం చూసుకొని ప్రకాశ్‌తో ఆ నంబరు కలిపించిన. నేను కూడ రిసీవరుకు చెవి ఆనించిన. అటువైపు ఎవరో హిందీలోనే మాట్లాడిండు. పాలపొడి కంపెనీయేనా అని ప్రకాశ్ అడిగిండు.

“పాలు లేవు భాయ్. ఇది గోదాము. సామాను వస్తది, వేరే ఓడ ఎక్కుతది.”

“ఎక్కడికి పోతది?”

అవతలి మనిషి టక్కున ఫోను పెట్టేసిండు.

ప్రకాశ్ చెమట తుడుచుకున్నడు. పాపం ఆయన తెచ్చిన ఆర్డరు. “ఇప్పుడేం చేద్దాం మేడం?” అన్నడు.

“సార్‌కు చెప్దాం,” అన్న.

మాణిక్ రెడ్డి సార్ గురించి చెప్పాలి. వాళ్లది తరాలుగా భూములున్న కుటుంబం. కొంత భూమి ఫ్యాక్టరీలకు పోయినంక, మిగిలినదాంట్లో తానే ఒక షెడ్డు వేసిండు. మాట కటువు, మనిషి మాత్రం చెడ్డవాడు కాదు. నేను డ్రాయింగు, పాల కేంద్రం, గోదాము సంగతి మొత్తం చెప్పిన. ఆయన చివరిదాక విన్నడు.

“అనసూయా, నువ్వు ఇంజనీరువా, పోలీసువా?”

“ఇంజనీరునే సార్. అందుకే అడుగుతున్న. ఇది పాలకు పనికొచ్చే వాల్వు కాదు. ఇంత బందోబస్తు, ఆ వాయువు, దాచిపెట్టే అడ్రసు... అణుబాంబుకు కావలసిన సరుకు తయారు చేసేదాంట్ల పెట్టేటట్టు ఉన్నది.”

“ఉన్నది అని నీకు ఖాయంగ తెలుసా?”

“తెల్వదు. పాలకు కాదని మాత్రం ఖాయంగ తెలుసు.”

ఆయన కుర్చీలో వెనక్కి ఒరిగిండు. “సరే, అదే అనుకుందాం. వాళ్ల ఒప్పందంల మనం సంతకం పెట్టినమా? పెట్టలె. తొంభై ఎనిమిదిల ఒక్క స్పేరు పార్టు కోసం మనల్ని ఏడిపించింది ఎవలు? బుడగలు చూసుకుంట కూసున్నది నువ్వు కాదా? గిప్పుడు వాళ్ల కోసం అరవైమంది పని ఆపాల్నా?”

అవి నేను మూడేండ్లు నాలో నేను అనుకున్న మాటలే. ఇంకొకరి నోట విన్నప్పుడు మాత్రం అవి నాకు సరిపోలేదు. ఎందుకు సరిపోలేదో అప్పటికప్పుడు చెప్పలేకపోయిన. చెప్పగలిగింది ఇంతే:

“వాళ్ల కోసం కాదు సార్. మనకు అన్యాయం చేసిన్రు, నిజమే. కానీ ఈ వాల్వు ఏ ఊరు మీద పడే బాంబు కోసమో నాకు తెల్వదు. తెల్వకుండ నేను సంతకం పెట్టను.”

“నువ్వు పెట్టకపోతే ప్రకాశ్ పెడ్తడు.”

ప్రకాశ్ నేల చూసుకుంట, చిన్నగనే అన్నడు. “నాకు లీక్ టెస్టు చదవరాదు సార్. రాని దాని మీద నేనెట్ల పెట్టాలె?”

రెడ్డి సార్ ఇద్దరినీ మార్చి మార్చి చూసిండు. అప్పుడు నేను ప్రకాశ్ దగ్గరున్న ఎగుమతి నియమాల పుస్తకం తెరిచి పెట్టిన. మన ప్రభుత్వమే ఒక జాబితా పెట్టింది. అణు సంబంధమైన పనులకు కూడ వాడగలిగే సామాను అనుమతి లేకుండ దేశం దాటించొద్దని. మనం ఆ ఒప్పందంలో చేరకపోయినా ఈ నియమం మనది. “ఢిల్లీకి రాసి అడుగుదాం సార్. వాళ్లు పంపమంటే నేను ఇంకో మాట మాట్లాడ. సంతకం పెడ్త,” అన్న.

“రాయి,” అన్నడు ఆయన. “కానీ జల్దీ రాయి. అటు కస్టమర్ ఆగడు.”

ఆ మధ్యాహ్నమే ఉత్తరం టైపు చేసిన. డ్రాయింగులు, ఆ ఒక్క వాక్యం ఫ్యాక్స్ జిరాక్స్ తీసి జతపెట్టిన. అప్పటికే సంగతి షెడ్డంతా పాకింది. భోజనాల దగ్గర ఎవరూ నా పక్కన కూర్చోలేదు. సత్తయ్యన్న నేరుగా వచ్చిండు.

“ఏంది అనసూయమ్మా, ఆర్డరు ఆపినవంట?”

“ఆపలె అన్నా. అడుగుతున్న.”

“నోటికాడి బుక్క అది. మా ఇంట్ల పెండ్లి పెట్టుకున్నం. షిఫ్టు బందైతే మొదలు పోయేది వెల్డర్లమే. నీకు ఎరుకనా?”

“ఎరుకే.”

“ఎరికుండి చేసినవు,” అని టిఫిను డబ్బా మూసి లేచిపోయిండు. నాకు పని నేర్పిన మనిషి. ఆ మాట తగిలినంత గట్టిగ రెడ్డి సార్ మాట కూడ తగలలేదు. అయినా ఉత్తరం రిజిస్టర్ పోస్టులో వేసినంకనే ఇంటికి పోయిన.

మూడో రోజు వినోద్ వచ్చిండు. ఢిల్లీకి రాసినమని ప్రకాశ్ చెప్పగానే ఆయన మొఖం మారింది. నన్ను పక్కనపెట్టి రెడ్డి సార్‌తో మాట్లాడిండు. నేను అక్కడనే నిలబడ్డ.

“ఢిల్లీ దాక ఎందుకు సాబ్? చిన్న సంగతి. ఇన్‌వాయిస్ మీద పేరు మార్చండి. వ్యవసాయ పంపుసెట్ల వాల్వులు అని రాయండి. ఎవరూ పెట్టె విప్పరు.”

రెడ్డి సార్ మెల్లగ అడిగిండు.

“పంపుసెట్లకా?”

“అవును సాబ్.”

“నేను ముప్పై ఏండ్లు బోర్లు నడిపిన. నా పొలంల పంపుసెట్టు ఉన్నది, రేపటికి కూడ ఉంటది. గిసొంటి వాల్వు ఏ రైతుకు కావాలె? నువ్వు మొన్న పాలు అన్నవు, ఇయ్యాల వ్యవసాయం అంటున్నవు. ఎల్లుండి ఏమంటవు?”

“సాబ్, వ్యాపారంలో...”

“వ్యాపారమే. నా ఫ్యాక్టరీ పేరు పెట్టె మీద ఉంటది. అబద్ధం పేరుతోని నా పెట్టె పోదు.”

వినోద్ డ్రాయింగులు వాపస్ అడిగిండు. ప్రకాశ్ చుట్టచుట్టి ఇచ్చిండు. జిరాక్సులు ఢిల్లీ దారిలో ఉన్నయని ఆయనకు ఎవరూ గుర్తు చెయ్యలేదు. ఆ తర్వాత ఆయన ఫోను ఎత్తలేదు. నిజంగ పాలపొడి కోసమే అయితే, అనుమతి వచ్చేదాక ఆగి ఉండేటోడు కదా అనుకున్న.

నేను చేసిన పని ఒప్పు అయినంత మాత్రాన దాని ఖరీదు తగ్గలేదు. ఆర్డరు పోయిన నెలకే రెండో షిఫ్టు మూతపడ్డది. పదకొండు మంది పనిలో నుంచి పోయిన్రు. అందులో సత్తయ్యన్న ఒకడు. ఆయన బొల్లారంలో ఒక ట్యాంకుల షెడ్డులో చేరిండు. బెల్లోస్ అతికిన చెయ్యి అక్కడ లావు రేకులు అతుకుతున్నదని ఎవరో చెప్పిన్రు. వాళ్లింట్లో పెండ్లి జరిగింది. నాకు పత్రిక రాలేదు.

మూడు నెలల తర్వాత ఢిల్లీ నుంచి ఒక అధికారి వచ్చిండు. నెల్లూరు మనిషి. నడివయసు, చేతిలో పాత తోలుసంచి. షెడ్డంతా తిరిగి చూసి, నా టేబుల్ ముందర కూర్చున్నడు. మా జిరాక్సులు తీసి పెట్టిండు.

“ఈ డ్రాయింగు మాకు కొత్త కాదమ్మా. ఇంకో రెండు దేశాల్లో చిన్న ఫ్యాక్టరీలకు కూడా వెళ్లింది. ఒకరు మీలాగే వాళ్ల ప్రభుత్వానికి రాశారు.”

“ఇంకొకరు?”

“రాయలేదు. కొంత సరుకు చేసి పంపేశాక తెలిసింది.”

పదకొండు మంది మొఖాలు కనబడ్డయి. “అంటే మేము ఆపి ఏం లాభం సార్?” అన్న.

నేను మూడేండ్లుగా మోస్తున్న ప్రశ్న కూడ అప్పుడే అడిగేసిన. “ఈ ఒప్పందాలతోని ఒక దేశం బాంబు చెయ్యకుండ ఆగుతదా సార్? నిజం చెప్పండి.”

“చేసి తీరాలనుకున్న దేశాన్ని కాగితం ఆపదమ్మా. మనం ఆగామా? లేదు కదా. నేను ప్రభుత్వ ఉద్యోగిని, అయినా ఆ మాట చెప్పడానికి సంకోచం లేదు. కానీ ఇంకో సంగతి చూడండి. ప్రతి వాల్వూ దొంగదారిలో తెచ్చుకోవాలంటే నెలకు దొరికేది ఏడాదికి దొరుకుతుంది. వచ్చినదాంట్లో సగం పనికిరాదు. అలా కొన్నేళ్లు గడుస్తాయి. ఆ ఏళ్లలో ప్రభుత్వాలు మారొచ్చు, మనుషులు కూర్చుని మాట్లాడుకోవచ్చు. మానేసిన దేశాలు కూడా ఉన్నాయి. ఒప్పందం చేసేది అంతే. టైము ఇస్తుంది.”

“ఆ టైము కోసం మా వెల్డర్ల పని పోయింది సార్.”

“తెలుసమ్మా,” అన్నడు ఆయన. “దానికి నా దగ్గర ఏ ఫారమూ లేదు.”

ఆ నిజాయితీకి ఆయన మీద గౌరవం కలిగింది. ఆ వాల్వులు ఏ దేశానికో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

ఆయన పోయినంక నేను ఒకటి గట్టిగ అనుకున్న. పదకొండు మందిని వాపస్ తెచ్చేదాక ఈ పని పూర్తి కాదు. ఎగుమతి ఆర్డరు వద్దన్నది నేను. ఇంకో పని వెతకడం కూడ నా బాధ్యతే.

మా దగ్గర ఉన్నదేంది? అందరికన్నా బాగ లీకు పట్టగల యంత్రం, అది నడపగల మనుషులు. మందుల కంపెనీలు చాలామటుకు ఇంకా బుడగలు చూసి పంపిన సామానుతోనే నడుస్తున్నయి. రెడ్డి సార్‌ను అడిగి లీక్ డిటెక్టర్‌ను ఆటో ట్రాలీలో ఎక్కించిన. ప్రకాశ్, నేను వారానికి మూడు రోజులు బొల్లారం, జిన్నారం, పాశమైలారం తిరిగినం. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేవాడు. లోపలికి పోనిచ్చిన చోట, మీ పాత వాల్వులు పైసా లేకుండ పరీక్ష చేస్తం అనేటోళ్లం. ఒక మందుల కంపెనీలో వాళ్ల మేనేజర్ ముందరనే ముల్లు గిర్రున తిరిగింది. ఆ వాల్వు కింద రోజూ నలుగురు నిలబడి పనిచేస్తున్నరు. ఆ మేనేజర్ మొఖం తెల్లబోయింది. మొదటి ఆర్డరు ఆయనే ఇచ్చిండు.

నలభై చోట్ల తిరిగితే ఆరు చోట్ల పని దొరికింది. తొమ్మిది నెలలు పట్టింది. రెండో షిఫ్టు మళ్ల మొదలైంది. పదకొండు మందిలో ఎనిమిది మంది వచ్చిన్రు. ఇద్దరికి వేరేచోట మంచి పని దొరికింది, మేము రాము అని చెప్పిన్రు. మిగిలింది సత్తయ్యన్న. ప్రకాశ్ రెండుసార్లు పోయి పిలిచిండు, ఆయన కదలలేదు. మూడోసారి నేను పోయిన. ముత్తంగిలో వాళ్లింటి ముందర మంచం మీద కూర్చొని ఉన్నడు. నన్ను చూసి కూర్చోమన్నడు, నీళ్లు ఇప్పించిండు, కానీ నవ్వలేదు.

“పని వచ్చిందన్నా. బెల్లోస్ పని. నీ అంత చెయ్యి ఎవలికి లేదు.”

“ప్రకాశ్ సార్ చెప్పిండు.” తర్వాత ఆయనే అడిగిండు. “ఢిల్లీ ఆయన వచ్చిండంట గద. ఏమన్నడు?”

నేను దాచలేదు. ఇంకొక ఫ్యాక్టరీ చేసి పంపిన సంగతి కూడ చెప్పిన.

“మరి నువ్వు కాదంటే ఇంకోడు చేసిండు. ఏం ఫాయిదా అయింది?”

“ఆ ఇంకోన్ని వెతుక్కోవలసి వచ్చింది గద అన్నా. మనం ఒప్పుకుంటే మూడు నెలల్లనే మొదటి దఫా మంచి సామాను పోతుండె. నీ చేతి సామాను. ఒక్కటి కూడ లీకు కాకపోతుండె.”

ఆయన తన చేతులు చూసుకున్నడు. వేళ్ల మీద పాత కాలిన మచ్చలు. “అది నిజమే,” అన్నడు. ఆ తర్వాత తలెత్తి అన్న మాటనే ఈ మొత్తం అనుభవంలో నేను నేర్చుకున్న అసలు పాఠం.

“నువ్వు చేసింది తప్పని నేను అనలె అనసూయమ్మా. నన్ను అడగలె నువ్వు. నువ్వు చూసినవు, నువ్వే అనుకున్నవు, సార్‌కు చెప్పినవు, ఢిల్లీకి రాసినవు. పని పోయింది మాది. ఆ వాల్వు అతికేది నేను. అది బాంబు కోసమని నాకు ముందే చెప్తే, నేను అతుకుదునా? ఒక్కమాట అడిగి చూస్తివా?”

నేను అడగలేదు. ఆ మాటే చెప్పిన. ఒప్పందాల మీద నాకున్న కోపం కూడ అదే కదా. పెద్దవాళ్లు కూర్చొని నిర్ణయిస్తరు, బాధ పడేది మనలాంటోళ్లు, మనల్ని ఎవరూ అడగరు అని. నా షెడ్డులో నేను కూడ అట్లనే చేసిన. చెప్తే సత్తయ్యన్న పనికోసం బతిమాలుతడని నేనే ఊహించుకున్న. ఆయన కూడ కాదనగలడని నాకు తట్టనేలేదు. ఎవరి చేతులు ఆగితే ఒప్పందం నిలబడుతదో వాళ్లకు దాని సంగతి తెలిసి ఉండాలి. వాళ్లు కూడ ఒప్పుకొని ఉండాలి. లేకపోతే అది పైవాడి హుకుం లాగనే ఉంటది, సందు దొరికిన రోజు లీకైతది.

“తప్పైంది అన్నా,” అన్న.

“సోమవారం వస్త,” అన్నడు. “మల్ల గిసొంటిది ఏదన్న వస్తే, ముందుగాల నాకు చూపియ్యాలె.”

సోమవారం పొద్దున మొదటి షిఫ్టుకు ఆయన వచ్చిండు. ఆ వారమే నేను టెస్ట్ సర్టిఫికెట్ ఫారం మార్పించిన. వాల్వు ఎక్కడ బిగిస్తరో రాయడానికి పైన ఒక గడి పెట్టించిన. అది ఖాళీగ ఉంటే సామాను పోదు. కింద ఇంతకుముందు నా సంతకం ఒక్కటే ఉండేది. దాని పక్కన ఇంకో గీత గీయించి, వెల్డర్ సంతకం అని రాయించిన.

ప్రింటు నుంచి వచ్చిన మొదటి కట్ట పట్టుకొని వెల్డింగ్ బల్ల దగ్గరికి పోయిన. సత్తయ్యన్న చేతి తొడుగులు తీసేసి, పైన గడిలో ఏం రాసి ఉందో చదివి వినిపించమన్నడు. బొల్లారంలో మందుల కంపెనీ, రెండో అంతస్తులో మందు తయారుచేసే రియాక్టర్ అని చదివిన. తలూపి, పెన్ను తీసుకొని, మెల్లగ, ఒక్కొక్క అక్షరం కూడగట్టుకుంట తన పేరు రాసిండు.